సేవ్ చేసినప్పుడల్లా

జూన్ 2, సోమవారం

మేం టైపు చేసే ఎడిటర్‌కు తగిలించడానికి గిరీశ్ ఒక చిన్న ప్రోగ్రాం, అంటే మోడ్, రాసి ఈ రోజు మా గ్రూపులో పెట్టాడు. పద్దెనిమిది మంది ఉన్న గ్రూపు. పదకొండు మంది బాగుందని బొటనవేలు చూపించారు. ఆ పదకొండు మందిలో దాన్ని తెరిచి చదివినవాడు ఒక్కడూ ఉండడు.

నేను చదివాను. ఆరువందల లైన్లు. ఆళ్ళగడ్డలో శిలాఫలకాలకు పేర్లు పేర్చడానికి రాసుకున్నాడు. పలక కొలత ఇస్తే ఏ పేరు ఏ వరుసలో ఎంత సైజులో పడుతుందో చెబుతుందట. మంచిదే. కానీ ఎడిటర్‌కు కొత్త పని నేర్పడానికి వచ్చిన మోడ్ ఆ ఎడిటర్‌లో ఎట్లా మసలుకోవాలో వాడికి తెలియదు. తెరవగానే తెర రంగు మార్చేస్తుంది. ఎఫ్5 కీ లాక్కుంటుంది. కంట్రోల్-సి తర్వాత ఒక అక్షరం నొక్కే కీలన్నీ వాడుకునేవాళ్లకే వదిలెయ్యాలని మాన్యువల్లో ఉంది. వాటిలో తొమ్మిదింటిని వీడు తన పేరున రాయించుకున్నాడు. ఇవన్నీ చాలక, ఫైలు సేవ్ చేసిన ప్రతిసారీ కింద ఒక వరుస మెరుస్తుంది: "32 పేర్లు సేవ్ అయినాయి. శుభం."

శుభం అట. పెళ్లి పత్రిక అనుకున్నాడేమో.

చెల్లెలి కొడుకు కాబట్టి గ్రూపులో ఏమీ అనలేదు. విడిగా పదిహేడు తప్పులు రాసి పంపాను.

జూన్ 3, మంగళవారం

పని మామూలే. మోడ్‌లో మార్పు ఏమీ చేయలేదు. రాయాల్సింది ఏమీ లేదు.

జూన్ 4, బుధవారం

జూన్ 5, గురువారం

ఆళ్ళగడ్డ పోయి వచ్చాను. పుష్పావతి ఇంట్లో భోజనం. ఎందుకొచ్చానో నేను చెప్పలేదు, చెల్లెలూ అడగలేదు.

గిరీశ్ పనిచేసేది ప్రభాకర్ శిల్పశాలలో. ముందు షెడ్డులో సగం తేలిన నందులు, వెనక గదిలో కంప్యూటర్. కీబోర్డు మీద పిండి చల్లినట్టు రాతిదుమ్ము. ముప్పై రెండేళ్లు వచ్చాయి, ఇద్దరు పిల్లలు పుట్టారు, తన పనిని తనే మెచ్చుకునే అలవాటు మాత్రం వాడికి ఇంకా పోలేదు.

నా పదిహేడు తప్పుల కాగితం టేబుల్ మీదే ఉంది. మూడు దిద్దాడు. మిగతావి ఏమైనాయని అడిగాను.

"ఈడ ఎవరికీ అడ్డం రాలేదు మామా."

"ఈడ ఎవరుండారు? వాడేది నువ్వొక్కడివే గదరా."

"అదే నేను చెప్తాండేది. నాకు అడ్డం రాలేదు."

ఇట్లాంటి వాడికి ఏం నేర్పాలి? లేపి, ఆ కుర్చీలో నేనే కూర్చుని దిద్దాను. రంగు తీసేశాను. కీలు ఎవరివి వాళ్లకు ఇచ్చేశాను. చివరికి ఆ శుభం వరుస దగ్గరికి వచ్చేసరికి వాడు పట్టుబట్టాడు. రంగు పోతే పోయింది, అది మాత్రం ఉండనీ అన్నాడు. ఎన్ని పేర్లున్నాయో కళ్లకు కనపడితే ధైర్యంగా ఉంటుందట. అడగందే మోడ్ నోరు తెరవకూడదని, సేవ్ చేసినప్పుడల్లా అరిచేది మోడ్ కాదు, బస్టాండులో మైకు అని చెప్పాను. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తీసేశాను.

వచ్చే ముందు, మా షాపులో దస్తావేజులు టైపు చేయడానికి నేను రాసుకున్న మోడ్‌ను వాడి మిషన్లో పెట్టి, ఎడిటర్ తెరిచినప్పుడల్లా అదీ తెరుచుకునేట్టు చేశాను. వాడికి దస్తావేజులతో పని లేదు. ఒద్దికైన మోడ్ ఎట్లుంటుందో రోజూ కళ్ల ముందు ఉంటే ఎప్పటికైనా నేర్చుకుంటాడని. కాసేపు తెర వైపు చూసి, అసలు పెట్టినావా మామా అని అడిగాడు. పెట్టాను అన్నాను. ఉన్నట్టు తెలియకపోవడమే దాని లక్షణం.

జూన్ 6, శుక్రవారం

జూన్ 7, శనివారం

మామ చెప్పినట్టు మార్చాను, ఇది రెండో వెర్షన్ అని గిరీశ్ గ్రూపులో రాశాడు. పద్నాలుగు బొటనవేళ్లు. మోడ్ ఎట్లా రాయాలో మీరే ఒక వ్యాసం రాయండి శేషయ్య గారూ అని ఒకాయన నన్ను అడిగాడు. ఇంటర్ తప్పినవాణ్ణి వ్యాసం రాయమంటున్నారు. అయినా వీళ్లలో మాన్యువల్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. 2009లో ప్రింటు తీయించి, మూడు భాగాలుగా స్పైరల్ బైండింగ్ చేయించి, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివాను. నాకు వచ్చిన ఇంగ్లీషంతా దాంట్లోనిదే. అందుకే ఇంగ్లీషులో మోడ్‌ల గురించి తప్ప ఇంక దేని గురించీ మాట్లాడలేను.

వ్యాసానికి ఇంతవరకు రాసుకున్నది:

మోడ్ అంటే అద్దెకు వచ్చిన మనిషి. ఇల్లు దానిది కాదు. సామాను దించినంత మాత్రాన ఇంట్లో ఏదీ మారకూడదు. అంటే, మోడ్ ఫైలు లోడ్ అయినంత మాత్రాన ఎడిటర్ ప్రవర్తన ఒక్క వెంట్రుక కూడా మారకూడదు. వాడేవాడు స్విచ్ వేసినప్పుడే, ఆ వేసిన ఫైలులోనే పని మొదలుపెట్టాలి. పక్క ఫైలులోకి తొంగి చూడకూడదు. ఆపేస్తే తాను ఉన్న గుర్తు కూడా మిగలకూడదు. ఇది తెలియనివాడు ఎడిటర్‌కు మోడ్ రాయడం లేదు, దాన్ని ఆక్రమించుకుంటున్నాడు.

చివరి వాక్యం గిరీశ్ కోసం. పేరు రాయను. వాడికి తెలుస్తుంది.

జూన్ 8, ఆదివారం

జూన్ 9, సోమవారం

జూన్ 10, మంగళవారం

జూన్ 11, బుధవారం

షాపులో టైపు చేసే వాణి ఈ రోజు నా మోడ్‌ను మెచ్చుకుంది. అవుకు ఊరివాళ్ల క్రయ దస్తావేజులో పాత కాగితం నుంచి ఎత్తి రాస్తూ సాక్షుల వరుసలు రెండుసార్లు పెట్టిందట. సేవ్ చేసేసరికి రెండోది మాయం. మేలో నేను చేర్చిన పని అది. ఒకే వరుస అచ్చుగుద్దినట్టు మళ్లీ వస్తే, సేవ్ అయ్యేటప్పుడు రెండోదాన్ని తీసేస్తుంది. దస్తావేజులో ఒకే వరుస రెండుసార్లు వచ్చిందంటే అది టైపు చేసినవాళ్ల నిద్ర తప్ప ఇంకేమీ కాదు.

"ఇప్పుడు తిరిగి సూడకుండానే సేవ్ చేసి మూసేస్తాండా సార్" అంది వాణి.

నేనూ అంతే అని చెప్పాను. చెప్పాపెట్టకుండా పని చేసి పక్కకు తప్పుకుంటుంది. శుభం చెప్పదు.

జూన్ 12, గురువారం

జూన్ 13, శుక్రవారం

పుష్పావతి ఫోన్ చేసింది. ఆళ్ళగడ్డలో గొడవ.

కొలిమిగుండ్ల వైపు ఒక పల్లెలో కొత్త చర్చి కట్టుకున్నారు. కూలి తీసుకోకుండా పని చేసినవాళ్ల పేర్లు నల్లరాతి పలక మీద చెక్కి గోడకు పెట్టాలని నిర్ణయించారు. నలభై ఆరు పేర్లు. దేవసహాయం అని రిటైరైన టీచరు చేత్తో రాసి ఇచ్చాడు, గిరీశ్ టైపు చేసి పేర్చాడు, శిల్పులు ఐదు రోజులు కూర్చుని చెక్కారు, చుట్టూ ద్రాక్షతీగ అంచు కూడా తేల్చారు. నిన్న ఆ టీచరు పలక తీసుకుపోవడానికి వచ్చి, వేలు పెట్టి లెక్కపెడితే నలభై ఐదే ఉన్నాయి.

లేని పేరు జి. సలోమి. అంటే ఒక జి. సలోమి ఉంది, ఇంకొక జి. సలోమి లేదు. అవ్వా మనవరాలూ. అవ్వ పేరే మనవరాలికి పెట్టుకున్నారు, ఇద్దరూ తట్టలు మోశారు. పెద్ద, చిన్న అని రాయొద్దు, పనిలో పెద్దా చిన్నా లేదు అని ముసలామే చెప్పిందట. కిందా మీదా ఒకే మాదిరి రాసి ఇచ్చాడు టీచరు. ఇంకొక పేరు ఇరికించడానికి పలకలో చోటు లేదు. పండగలా చేసుకుందామనుకున్న ప్రతిష్ఠ ఆగిపోయింది.

"ప్రభాకర్ శానా కోపంగా ఉండాడన్నా. వీణ్ణి పనిలో నుంచి తీసేస్తాడేమో" అంది పుష్పావతి.

ఎవడి పనికి వాడే జవాబు చెప్పుకోవాలి. పదిహేడు తప్పులు రాసి ఇచ్చినప్పుడు అడ్డం రాలేదన్నాడు. ఇప్పుడు వచ్చింది.

జూన్ 14, శనివారం

ప్రభాకరే ఫోన్ చేశాడు. కంప్యూటర్ సంగతి ఆయనకు తెలియదు, తెలియదని దాచుకోడు. ఒకటే అడిగాడు: ఇది మిషన్ తప్పా, మనిషి తప్పా?

మోడ్ తప్పు అన్నాను.

"ఎవరిదప్పా ఆ మోడు?"

"గిరీశ్‌ది."

నెలాఖరుతో వాణ్ణి పనిలో నుంచి తీసేస్తానన్నాడు. ఇంక ఏ ఊళ్లోనూ వాణ్ణి నమ్మి ఎవరూ పలక ఇవ్వరని కూడా అన్నాడు. ఒకసారి వచ్చి ఏం జరిగిందో కాగితం మీద రాసిస్తే చర్చివాళ్లకు చూపిస్తానన్నాడు. వస్తానన్నాను.

ఆరువందల లైన్లలో ఎక్కడ తప్పుందో చూడకుండానే చెప్పాను. చూడాల్సిన పని లేదు. అట్లా రాసినవాడు ఎక్కడో ఒకచోట ఇట్లాంటిది చేసే ఉంటాడు.

జూన్ 15, ఆదివారం

పుష్పావతి మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. నేను అబద్ధమేమీ చెప్పలేదు.

జూన్ 16, సోమవారం

ప్రభాకర్‌కు ఇవ్వాల్సిన కాగితం మొదలుపెట్టాను. వాడి మోడ్‌ను నేను దిద్దిన తేదీ కావాలి. ఈ నెల డైరీ రాస్తున్న ఈ ఫైలే పైకి తిప్పి చూసుకున్నాను. రాయడమే తప్ప ఎప్పుడూ తిరిగి చదవను.

ఐదో తేదీ దొరికింది. దానితో పాటు ఇంకొకటి కనపడింది. నాలుగో తేదీ కింద ఏమీ లేదు. ఆరు, ఎనిమిది, తొమ్మిది, పది, పన్నెండు, వీటి కిందా ఏమీ లేదు. నేను రాయకుండా ఏ రోజూ పడుకోను. ఏమీ జరగని రోజు కూడా పని మామూలే, మోడ్‌లో మార్పు ఏమీ చేయలేదు, రాయాల్సింది ఏమీ లేదు అని ప్రతిసారీ అదే వరుస, అవే మాటల్లో రాస్తాను. అది మూడో తేదీ కింద ఒక్కచోట ఉంది. మిగతా చోట్ల ఒట్టి తేదీలు.

డిస్క్ పోతోందేమో అనుకున్నాను.

వాణి తెచ్చిన టీ తాగాను. డిస్క్ పోతే ఏ వరుస పడితే ఆ వరుస పోతుంది, ఏరుకుని ఒకే వరుసను తినదు. గిరీశ్ మోడ్ నా మిషన్లో లేనే లేదు. కొత్త ఫైలు తెరిచాను. దస్తావేజు కాదు, ఉత్త ఫైలు. నా మోడ్ స్విచ్ వేయలేదు. సలోమి, సలోమి అని కిందా మీదా రెండు వరుసలు కొట్టాను. సేవ్ చేశాను.

ఒక సలోమి మిగిలింది.

మేలో ఆ పని చేర్చినప్పుడు ఊరికే పరీక్ష కోసం, సేవ్ చేసే చోట తగిలించే లైనును మోడ్ లోపల, అంటే స్విచ్ వేస్తేనే పనిచేసే చోట కాకుండా, మోడ్ ఫైలు చివర విడిగా రాశాను. సరిగా పనిచేస్తే లోపలికి మారుద్దాం అనుకున్నాను. సరిగానే పనిచేసింది. ఆ తర్వాత ఇంక చూడలేదు. అందుకని లోడ్ అయిన క్షణం నుంచి, స్విచ్ వేసినా వేయకపోయినా, దస్తావేజైనా డైరీ అయినా చర్చి పేర్లైనా, ఆ ఎడిటర్‌లో సేవ్ అయ్యే ప్రతి ఫైలులోనూ చేయి పెడుతోంది. సామాను దించినంత మాత్రాన ఇంట్లో ఏదీ మారకూడదు అట. ఎంత బాగా రాశాను.

వాడి శుభం వరుస ఉండి ఉంటే 45 పేర్లు అని చెప్పి ఉండేది. సేవ్ చేసిన మొదటిసారే.

జూన్ 17, మంగళవారం

ఆళ్ళగడ్డ పోదామనుకున్నాను. బస్సులు లేవు.

జూన్ 18, బుధవారం

నిన్న బస్సులు ఉన్నాయి.

ఈ రోజు పోయాను. శిల్పశాల ముందు ఆటో ఆగి ఉంది. లోపల పలకను రెండు చెక్కల మీద పడుకోబెట్టారు. ప్రభాకర్, గిరీశ్, ఇంకొక పెద్దాయన దాని చుట్టూ నిలబడి ఉన్నారు. ఆ పెద్దాయనే దేవసహాయం టీచరు. కింద గోనెసంచి మీద ఒక ముసలామె కూర్చుని చేత్తో రాతి అంచు తడుముతోంది. ఆమె ఎవరో అడగకుండానే తెలిసింది.

నేను వచ్చేసరికి టీచరు తమ పేటలోని కొత్త చిక్కు చెబుతున్నాడు. ఉన్న పేరు మా జేజిదే అని మనవరాలు అంటుందట. కాదు, అది పిల్లదే అని ముసలామె అంటుందట. ఇద్దరూ వారం నుంచి సరిగా మాట్లాడుకోవడం లేదట. ప్రభాకర్ నన్ను చూసి కాగితం తెచ్చినారా అని చేయి చాపాడు.

తేలేదన్నాను. తప్పు గిరీశ్ మోడ్‌ది కాదు, నాది అన్నాను. బస్సులో ఆ మాట ఎన్ని రకాలుగానో కట్టుకున్నాను. బయటికి ఇంతే వచ్చింది.

ప్రభాకర్‌కు అర్థం కాలేదు. "మీదో వానిదో, రెండూ ఆ ఒక్క మిషన్లోనే గదప్పా ఉండేది?" అన్నాడు. తేడా చెప్పబోయాను. సేవ్ చేసే చోట నేను తగిలించిన లైను, అది ఉండాల్సిన చోటు, లోపల అంటే ఏమిటి, బయట అంటే ఏమిటి. ఆయన కళ్లు పలక మీదికి పోయాయి. పదహారేళ్లుగా నేను నేర్చుకున్నదంతా ఆ షెడ్డులో ఉలి చప్పుడు కంటే తక్కువ వినపడింది.

అర్థమైంది గిరీశ్‌కు ఒక్కడికే. నెమ్మదిగా అన్నాడు: "శుక్రవారం నుంచి నా ఆరునూర్ల లైన్లూ మూడు తూర్లు సదివినా మామా. యాడ తప్పుందో దొరకలే. నీదాంట్లో మాత్రం సూడలే."

"ఏం?"

"నీది గదా."

పదిహేడు తప్పులు రాసి పంపిన రోజు కూడా వాడు ఇంత మాట అనలేదు.

ముసలామె తల ఎత్తి నన్ను చూసింది. ఏ ఊరని అడిగింది. నంద్యాల అని చెప్పాను.

"నా పేరు తీసేసిండేది నువ్వేనాప్పా?"

"అవునమ్మా."

"రెండు పేర్లూ ఒగటే మనిషని నీకెవురు చెప్పిరి?"

ఎవరూ చెప్పలేదు. అడగలేదు కూడా. అదే చెప్పాను. ఆమె మళ్లీ రాతి అంచు తడమడం మొదలుపెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

చివరికి దారి చూపింది ప్రభాకరే. పలక మందంగానే ఉంది, తిరగేసి వెనకవైపు నునుపు పట్టి మొదటి నుంచి చెక్కుతాం, నలభై ఐదు పేర్ల ముఖం గోడలోకి పోతుంది, ఎవరికీ కనపడదు అన్నాడు. ప్రతిష్ఠ రెండు వారాలు వెనక్కి జరుపుకుంటామని టీచరు ఒప్పుకున్నాడు. ఇంకొక మాట కూడా చెప్పాడు ప్రభాకర్. వాళ్ల నాయన కాలంలో ఉలి పెట్టేముందు ఇచ్చినవాళ్ల కాగితం చూసి ఒకరు పైకి చదివేవారట, చెక్కేవాడు ఒక్కో పేరుకు పలక మీద సుద్దగీత పెట్టేవాడట. కంప్యూటర్ వచ్చాక మానేశారట. ఈ తూరి మళ్లా సదివిద్దాం అన్నాడు.

"ఎవరు సదువుతారు?" అని టీచరు అడిగాడు. ప్రభాకర్ నా వైపు చూశాడు.

గిరీశ్‌తో నెలాఖరు సంగతి ఎత్తలేదాయన. పొద్దున్నే రా, పలక తిప్పాల అని మాత్రం చెప్పాడు. వాడు లోపలికి పోయి నా మోడ్ తీసేశాడు. అడగకుండానే తీశాడు, నేను పక్కనే నిలబడి చూశాను. లెక్క చెప్పే వరుస మళ్లీ పెట్టుకున్నాడు. రంగు కూడా పెట్టుకున్నాడు. ఆ రంగు ఇప్పటికీ అసహ్యంగానే ఉంది.

జూన్ 19, గురువారం

నా మోడ్ ఎవరూ వాడొద్దని గ్రూపులో రాశాను, కారణంతో సహా. ఒక్కరూ బొటనవేలు చూపించలేదు. వ్యాసం ఫైలు తీసేశాను.

జూన్ 20, శుక్రవారం

పొద్దున పదింటికి శిల్పశాలలో నా చేత పేర్లు చదివించారు. చదువు మానేసిన తర్వాత నలుగురిలో నిలబడి ఏదీ పైకి చదివింది లేదు. టీచరు చేతిరాత గుండ్రంగా, చక్కగా ఉంది. కాగితం రెండు చేతులతో పట్టుకున్నాను. పలక మీద వంగిన శిల్పికి అరవై దాటి ఉంటాయి. నేను పేరు చదవగానే సుద్దతో ఒక గీత. గిరీశ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఈ రోజు ముసలామె రాలేదు.

మొదట్లో మెల్లగా చదివాను. వినపళ్ళేదప్పా అన్నాడు శిల్పి. పదో పేరు నుంచి కొంచెం గట్టిగా చదివాను. ముప్పై ఒకటి, జి. సలోమి. గీత పెట్టాడు. ముప్పై రెండు, జి. సలోమి.

సుద్ద ఆగింది.

"సదివిందే సదువుతాండావ్" అన్నాడు తల ఎత్తకుండా.

కాగితం చూశాను. చూడాల్సిన పని లేకపోయినా చూశాను.

"కాదప్పా, ఈమె ఇంకొకామె" అన్నాను.

గీత పెట్టాడు. ముప్పై మూడు చదివాను.